మర కుదిరింది, బొమ్మ కుదరలేదు: జోర్కీ-4 కెమెరాకు మీరు పంపిన లెన్సుపై ఫిర్యాదు

హైదరాబాదు

కస్టమర్ సేవల అధికారి గారికి,

విషయం: రేంజ్‌ఫైండర్ కెమెరాకు వైడ్ యాంగిల్ లెన్సు అడిగితే జెనిత్ కెమెరా లెన్సు పంపడం, వాపసు తీసుకోవడానికి నిరాకరించడం గురించి.

అయ్యా,

మీ దగ్గర కొన్న లెన్సు గురించి ఇది నా మూడో ఉత్తరం. మొదటి రెండింటికీ ఒకటే జవాబు, అక్షరం పొల్లుపోకుండా వచ్చింది: లెన్సును పరీక్షించే పంపారట, అది సక్రమంగానే ఉందట, లోపం నా కెమెరాలో ఉండవచ్చట. లెన్సు సక్రమంగా ఉందన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కెమెరా కూడా సక్రమంగానే ఉంది. ఆ రెండింటికీ ముడిపెట్టిన మీ సలహాలో ఉంది లోపం. ముప్పై మూడేళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కనుక ఈసారి కాస్త విడమరిచి రాస్తున్నాను. ఓపికగా చదవండి.

కెమెరా మా నాన్నగారిది. బాలానగర్ ఐడీపీఎల్ మందుల కర్మాగారం సోవియట్ సహకారంతో కట్టినదని మీకు తెలిసే ఉంటుంది. నాన్నగారు అక్కడ పనిచేసే రోజుల్లో, 1969లో, స్వదేశానికి తిరిగి వెళుతున్న ఒక సోవియట్ ఇంజనీరు దగ్గర ఈ జోర్కీ-4 కొన్నారు. ఇది రేంజ్‌ఫైండర్ కెమెరా, అంటే లెన్సు పక్కనున్న కిటికీలో చూస్తూ దూరం సరిచేసుకునే రకం. దానితో వచ్చిన జూపిటర్-8, 50 మి.మీ. లెన్సుతోనే మా ఇంట్లో అన్నప్రాశనల నుంచి పెళ్లిళ్ల దాకా అన్నీ తీశారు. రీలు చుట్టి తెర (షట్టర్) బిగించాకే వేగం మార్చాలని, ముందే మార్చితే లోపలి పళ్లు పాడవుతాయని ఆయన మమ్మల్ని బెదిరించిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ఆ భయం వల్లే కాబోలు కెమెరా ఇన్నేళ్లు నిలిచింది.

ఫిబ్రవరిలో మా అమ్మకు ఎనభై ఏళ్లు నిండాయి. ఆ రోజు ఇంటిల్లిపాదినీ నాన్నగారి కెమెరాతోనే తీయాలని నా కోరిక. చిక్కల్లా మా హాలుతో వచ్చింది. గోడకు వీపు ఆనించి నిలబడినా మనుషులకూ నాకూ మధ్య పదకొండు అడుగులకు మించి చోటు లేదు. నెగటివ్ వెడల్పు 36 మి.మీ. కనుక, 50 మి.మీ. లెన్సుతో అంత దూరం నుంచి పట్టేది ఎనిమిది అడుగుల వెడల్పే. ఇరవై ముగ్గురు మనుషులు, అందులో ఇద్దరు అల్లుళ్లు భారీ విగ్రహాలు. అదే 35 మి.మీ. లెన్సయితే పదకొండు అడుగుల పైచిలుకు పడుతుంది. అందుకే వెతుకులాట మొదలుపెట్టాను. జోర్కీకి ఎక్కే 35 మి.మీ. లెన్సుల్లో లైకా సమ్మరాన్ ఉంది, 1950ల నాటి కానన్ లెన్సులు ఉన్నాయి, ఈ మధ్య కాలంలో కొసినా సంస్థ వోయిగ్ట్‌లాండర్ పేరుతో చేసిన కలర్ స్కోపార్ ఉంది. నా పింఛనుకు అవేవీ తూగవు. మిగిలింది సోవియట్ జూపిటర్-12. యుద్ధానికి ముందు జైస్ సంస్థ కోసం లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన బయోగాన్‌కు అది వారసురాలు. కాంతి తీసుకునే ముందువైపు గాజు చిన్నది, వెనుక గాజు మాత్రం గుడ్డులా ఉబ్బి కెమెరా పొట్టలోకి, దాదాపు ఫిల్ము దాకా చొచ్చుకుపోతుంది. చూడటానికి వింతగా ఉన్నా, బేరానికి చవక.

జనవరిలో ఫోను చేసి మీ ప్రతినిధిని అడిగింది అదే. "జోర్కీ-4కు సరిపోయే జూపిటర్-12 కావాలి, కీవ్ కెమెరాకు పనికొచ్చే రకం కాదు, 39 మి.మీ. మరతో బిగించుకునేది" అని స్పష్టంగా చెప్పాను. ఆ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. జూపిటర్-12 నిల్వ లేదని, దానికంటే మేలైన మీర్-1, 37 మి.మీ. లెన్సు ఉందని, దానికి 1958లో బ్రసెల్స్ ప్రదర్శనలో గ్రాండ్ ప్రి వచ్చిందని, ఆ సంగతి లెన్సు ముఖం మీదే చెక్కి ఉంటుందని చెప్పాడు. అన్నీ నిజమే. "దీనికీ 39 మి.మీ. మరే మేడమ్, జోర్కీ, ఫెడ్, పాత లైకాలు అన్నిటికీ ఎక్కుతుంది" అన్నాడు. అదీ నిజమే. ఎక్కుతుంది. మీ ప్రకటనలోనూ అదే వాక్యం ఉంది. లెన్సుకు 9,800 రూపాయలు, కెమెరా పైన అమర్చుకునే 35 మి.మీ. వ్యూఫైండర్‌కు 2,200 రూపాయలు చెల్లించాను. మొత్తం సరిగ్గా నేను ఫోనులో చెప్పిన హద్దు, పన్నెండు వేలు. మీ లెక్కలు మాత్రం ఎప్పుడూ తప్పవు.

లెన్సు వచ్చాక బిగించి చూస్తే ఒక అనుమానం వచ్చింది. రేంజ్‌ఫైండర్‌లో చూస్తూ లెన్సు తిప్పితే మధ్యలో కనిపించే రెండో బొమ్మ జరగాలి, అసలు బొమ్మతో కలవాలి. ఇక్కడ ఎంత తిప్పినా అది కదలలేదు. వెంటనే మీకు ఫోను చేశాను. "వైడ్ యాంగిల్‌కు ఫోకస్ అంత పట్టింపు ఉండదు మేడమ్, ఎఫ్ 8 దగ్గర పెట్టి, దూరం అంచనా వేసి తీయండి, అన్నీ స్పష్టంగా వస్తాయి" అని సమాధానం. పాపం, ఆ మాట కూడా పూర్తిగా అబద్ధం కాదు. 35 మి.మీ. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 8కు కుదించి ఐదు మీటర్లకు పెడితే రెండున్నర మీటర్ల నుంచి అనంతం దాకా తేటగా వస్తుందని నాకూ తెలుసు. తెలుసు కనుకే నమ్మాను. అక్కడ నా తప్పూ ఉంది. బడిలో పిల్లవాడు ఇలాంటి జవాబు చెబితే "మరి బొమ్మ ఎందుకు కదలడం లేదు?" అని నిలబెట్టి అడిగేదాన్ని. ఫోనులో అడగలేదు.

అమ్మ పుట్టినరోజున మొదటి నాలుగు ఫొటోలు అలవాటు కొద్దీ పాత 50 మి.మీ. లెన్సుతో తీశాను. తరువాతి ముప్పై రెండూ మీ లెన్సుతో. రేంజ్‌ఫైండర్ కెమెరాతో ఉన్న ఇబ్బంది ఇదే: మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న కిటికీలోంచి. లెన్సు మూత తీయకపోయినా లోకం తేటతెల్లంగానే కనిపిస్తుంది. రీలు కడిగించి తెచ్చాక మొదటి నాలుగింటిలో అమ్మ ముక్కుపుడక రాయి కూడా మెరుస్తోంది. మిగతా ముప్పై రెండింటిలో మనుషులే లేరు. ఆవిరి పట్టిన అద్దం అవతల ఎవరో తిరుగుతున్నట్టు ఉంది. ఇంట్లో వాళ్లు ఫోన్లలో తీసినవి వందల కొద్దీ ఉన్నాయి కనుక ఆ రోజు పూర్తిగా పోలేదు. అయినా అమ్మ రెండుసార్లు అడిగింది, నాన్న కెమెరాతో తీసినవి ఏవి అని.

మీరు "కెమెరా లోపం" అన్నాక నేను చేసిన పరీక్ష చెబుతాను. జోర్కీ-4 వెనుక తలుపు మొత్తం ఊడి వస్తుంది. ఫిల్ము ఉండే చోట పలుచని ట్రేసింగ్ కాగితం అతికించి, వేగాన్ని, నొక్కినంతసేపు తెర తెరిచే ఉంచే బి మీద పెట్టి మీట నొక్కి పట్టుకున్నాను. పాత లెన్సుతో పక్కింటి కొబ్బరిచెట్టు ఆకు ఆకూ కాగితం మీద తలకిందులుగా పడింది. మీ లెన్సు బిగిస్తే పచ్చని మబ్బు. దూరాల అంకెలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పాను, మబ్బు మబ్బుగానే ఉంది. అప్పుడు లెన్సును మర నుంచి పూర్తిగా విప్పి, చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు జరిపాను. ఒక చోట చెట్టు గబుక్కున తేరుకుంది. ఆ ఎడాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే పదహారు మిల్లీమీటర్ల చిల్లర వచ్చింది.

ఆ అంకె ఎక్కడిదో మీకు తెలిసి ఉండాలి. క్రాస్నొగోర్స్క్ కర్మాగారం వాళ్లు 1952లో తమ జోర్కీ కెమెరాలోనే అద్దం అమర్చి జెనిత్ అనే, లెన్సులోంచే చూసే ఎస్.ఎల్.ఆర్. కెమెరా చేశారు. మర మాత్రం పాత 39 మిల్లీమీటర్లదే ఉంచారు. అద్దం పైకి లేవడానికి చోటు కావాలి కనుక లెన్సు కూర్చునే అంచును ఫిల్ము నుంచి 45.2 మి.మీ. దూరానికి జరిపారు. జోర్కీలో ఆ దూరం 28.8. తేడా 16.4. మీర్-1 జెనిత్ కోసం పుట్టిన లెన్సు. జోర్కీకి బిగిస్తే అది ఉండవలసిన చోటు కంటే 16.4 మి.మీ. వెనక్కి పోతుంది. దగ్గరి వస్తువు కోసం ఎంత తిప్పినా రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ముందుకు రాదు. పైగా రేంజ్‌ఫైండర్ మీటను నెట్టే వెనుక పట్టీ దానికి లేనే లేదు. జెనిత్‌కు ఆ పట్టీతో పనేమిటి? ఎఫ్ 8 మంత్రం ఇక్కడ ఎంతవరకు పనిచేస్తుందో కూడా చూడండి: 16.4ను 8తో భాగిస్తే ప్రతి చుక్కా ఫిల్ము మీద రెండు మిల్లీమీటర్ల పొక్కు అవుతుంది. కన్ను సహించేది 0.03. రేంజ్‌ఫైండర్ కెమెరాలో లెన్సు వెనుక అద్దం లేదు కనుకే జూపిటర్-12 వంటి లెన్సు ఫిల్ము దాకా చొచ్చుకుపోగలుగుతుంది. ఆ సౌలభ్యం కోసమే నేను అడిగాను. మీరు సరిగ్గా దానికి ఎదురు జాతి లెన్సును పంపారు.

ఇక మీ పరీక్ష గురించి. రెండో జవాబుతో మీరు జతచేసిన నమూనా ఫొటోలు డిజిటల్ కెమెరాతో తీసినవి. దానికి మీరు వాడిన అడాప్టర్ జెనిత్ దూరానికి తగినదై ఉండాలి, లేకుంటే ఆ ఫొటోలు అంత స్పష్టంగా రావు. అంటే ఇది జెనిత్ లెన్సని మీ బల్ల దగ్గర పనిచేసే వారికి తెలుసు, ప్రకటన రాసిన వారికి తెలియదు. నా కెమెరాను 3,500 రూపాయలకు బాగుచేస్తామన్న మీ ఉదారతకు ధన్యవాదాలు. దానికి జబ్బేమీ లేదు.

నేను కోరేవి ఇవి. లెన్సు వెల 9,800 రూపాయలు వాపసు ఇవ్వండి. రీలుకు, కడిగించి స్కాన్ చేయించినందుకు అయిన 1,950 రూపాయలు కూడా ఇవ్వండి, రసీదులు జతచేశాను. "రీలు వాడేశారు కనుక వాపసు కుదరదు" అన్న మీ నిబంధన నాకు అర్థం కాలేదు. రీలు వాడకుండా లెన్సు తప్పని తెలుసుకునే మార్గం మీ సూచనల కాగితంలో లేదు. వ్యూఫైండర్ బాగుంది, దాన్ని ఉంచుకుంటాను. అన్నిటికంటే ముఖ్యంగా ప్రకటనలో "అన్నిటికీ ఎక్కుతుంది" అన్న మాట తీసివేసి, ఫిల్ము నుంచి ఉండవలసిన దూరం ఎంత, రేంజ్‌ఫైండర్‌తో కలుస్తుందా లేదా అన్నవి రాయండి. కొత్తగా పాత కెమెరా చేతికొచ్చిన పిల్లలు చాలామంది మర కొలిచి కొనేస్తున్నారు.

39 మి.మీ. మరతో రేంజ్‌ఫైండర్ జూపిటర్-12 మీ దగ్గరకు వస్తే సొమ్ముకు బదులు దాన్ని తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే నా కెమెరా మీద, నా ట్రేసింగ్ కాగితంతో చూశాకే.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. అప్పటికీ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మా జిల్లా కమిషన్‌కు వెళతాను. కొన్న చోటికి కాక ఉంటున్న చోటే ఫిర్యాదు చేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది కనుక మీ ఊరిదాకా రావలసిన శ్రమ నాకు లేదు. నాలుగు మంచి ఫొటోలు, ముప్పై రెండు మబ్బులు ఉన్న ఆ రీలును సాక్ష్యంగా దాచాను.

లెన్సు మీరు పంపిన పెట్టెలోనే, రెండు మూతలతో సహా సిద్ధంగా ఉంది. తీసుకువెళ్లే మనిషిని పంపేటప్పుడు ఒక రోజు ముందుగా చెప్పండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు అమ్మ నిద్రపోతుంది, ఆ వేళ గంట కొట్టవద్దనండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని

జతపరిచినవి: కొనుగోలు రసీదు, రీలు ఖర్చుల రసీదులు, మీ ప్రకటన ప్రతి, 3, 4, 5, 6 నంబర్ల ఫొటోల ప్రింట్లు