తమ్ముడి వీపు సంచి

అమ్మలూ,

తమ్ముడికి ఇప్పుడు ఎక్కిస్తున్న మందు గురించి నిన్న ఫోన్‌లో "ఇది కూడా కీమోనేనా నాన్నా?" అని అడిగావు. అదే సమయానికి సిస్టర్ రావడంతో అవునని చెప్పి పెట్టేశాను. కాదమ్మా, ఇది వేరు.

కీమోకి మనవాడు, పగవాడు అనే తేడా తెలీదు. త్వరగా పెరిగే కణం ఏదైనా సరే కొట్టేస్తుంది. వాడి జుట్టు అందుకే ఊడింది. ఈ మందు పేరు బ్లినాటుమోమాబ్, నాకు నోరు తిరగడానికే మూడు రోజులు పట్టింది. ఒక చేత్తో లుకేమియా (వాడికొచ్చిన రక్త క్యాన్సర్) కణం మీదుండే సీడీ19 అనే గుర్తుని, రెండో చేత్తో వాడి ఒంట్లో జబ్బులతో పోరాడే టీ కణాన్ని పట్టుకుని ఎదురెదురుగా నిలబెడుతుంది. చంపేది వాడి టీ కణమే. ఈ మందు ఒంట్లో కొన్ని గంటలే నిలుస్తుంది, అందుకే 28 రోజులు ఆపకుండా పంపుతో ఎక్కించాలి. ఆ పంపుని సంచిలో పెట్టి వీపుకి తగిలించుకుని వార్డంతా తిరుగుతున్నాడు. స్కూలు బ్యాగు మోయమంటే ఎంత ఏడ్చేవాడో!

ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడే మంచి బీ కణాల మీదా సీడీ19 ఉంటుంది, కాబట్టి అవీ పోతాయి. జలుబు తగ్గేదాకా రావద్దన్నది అందుకే, కోపంతో కాదు.

మొదటి రెండు రాత్రులూ జ్వరం 103 దాకా వెళ్లింది. టీ కణాలు పనిలోకి దిగితే జ్వరం వస్తుందని ముందే చెప్పారు. తెలిసినా టెన్షన్ ఆగుతుందా? అమ్మకి 101 అనే చెప్పాను, నువ్వు బయటపెట్టకు.

2024 డిసెంబరులో వచ్చిన ఒక పెద్ద పరిశోధన గురించి డాక్టర్ గారు చెప్పారు. కీమోకి ఈ మందు కలిపిన పిల్లల్లో మూడేళ్ల తర్వాత 96 శాతం మంది జబ్బు లేకుండా ఉన్నారట, కీమో ఒక్కటే ఇస్తే దాదాపు 88. ఆ ఎనిమిది కోసమే తాతయ్య పొలం కాగితాలు బ్యాంకులో పెట్టాను.

లుకేమియా నుంచి బయటపడిన ఎమిలీ వైట్‌హెడ్ అనే పాప గురించి నువ్వు పంపింది చదివాను. 2012లో ఫిలడెల్ఫియాలో ఆ పాపకి చేసింది కార్-టీ, టీ కణాలను బయటికి తీసి మార్చి మళ్లీ ఎక్కించడం. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి తెచ్చిన కార్-టీకి 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది కానీ, 15 ఏళ్లు నిండినవాళ్లకే. తమ్ముడికి తొమ్మిది. ఆ అవసరం పడకూడదనే నా మొక్కు.

ఇంకోటి. మందు మెదడు మీద పనిచేస్తోందేమో కనిపెట్టడానికి రోజూ ఒకే వాక్యం రాయిస్తారు. రాత వంకరపోతే మందు ఆపేస్తారు. మనవాడు ఎంచుకున్న వాక్యం: "నా సైకిల్ ముట్టుకుంటే అక్కకి శిక్ష." పదకొండు రోజులుగా అక్షరాలన్నీ కుదురుగానే ఉన్నాయి. 'క్ష' మాత్రం జబ్బు రాకముందు కూడా వాడికి వచ్చేది కాదని డాక్టర్ గారికి చెప్పుకోవాల్సి వచ్చింది.

నాన్న