హ్యాంగ్ అయిందని వెంటనే పవర్ బటన్ నొక్కేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ కంప్యూటర్ చిట్కాల్లో "సిస్టమ్ హ్యాంగ్ అయితే పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, ఆగిపోతుంది" అని రాశారు. ఆగిపోతుంది, నిజమే. డిస్కు మీద రాత నడుస్తుండగా ఆపితే ఫైళ్లు కూడా పోవచ్చని ఇంకో ముక్క రాయాల్సింది. నాది పర్లాకిమిడిలో డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు, పాతపట్నం వైపు నుంచి కూడా జనం వస్తారు, పోయిన డేటా తిరిగి తీయించాలంటే మేం విశాఖో భువనేశ్వరో పరుగెత్తాలి.

ఎక్కువ గొడవ పెన్‌డ్రైవ్ దగ్గరే. పెళ్లి ఫొటోలు కాపీ పెడతాం, గీత గబగబా నిండి వంద శాతం చూపిస్తుంది, ఈలోపే కస్టమర్ చెయ్యి సీపీయూ దగ్గరకి వచ్చేస్తుంది: "అయిపోనాది కదేటి బాబూ, తీసేయ్, బస్సెళ్లిపోద్ది!" ఎజెక్ట్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు, పెన్‌డ్రైవ్ లైటు మాత్రం టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. చూడాల్సింది ఆ లైటునే. మేం వాడేది ఉబుంటు లినక్స్, అది ఫైలుని ముందు ర్యామ్‌లో పెట్టుకుని పని అయిపోయిందనేస్తుంది, డిస్కు మీద రాసే బాకీ తర్వాత నిదానంగా తీరుస్తుంది. మామూలు సెట్టింగుల్లో, వాడుకోవడానికి మిగిలిన ర్యామ్‌లో 20 శాతం దాకా ఈ బాకీ పెరగొచ్చు, అంటే 8 జీబీ మిషన్లో ఇంచుమించు ఒకటిన్నర జీబీ. చవక పెన్‌డ్రైవ్ సెకనుకి 5 ఎంబీ చొప్పున రాస్తే అది తీరడానికి ఐదు నిమిషాలు పడుతుంది, మధ్యలో సేవ్ చేయబోయిన వేరే ప్రోగ్రాములు కూడా ఒక్కోసారి అక్కడే ఇరుక్కుంటాయి, అప్పుడు 'కిల్' (ప్రోగ్రాముని బలవంతంగా ఆపే కమాండ్) కొట్టినా చావవు.

నిజంగా చచ్చిందా, నెమ్మదిగా నడుస్తోందా అన్నది తేల్చుకోవడం కష్టమేమీ కాదు. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) తెరుచుకుంటే 'ప్రోక్' ఫోల్డర్లోని 'మెమ్ఇన్ఫో' ఫైల్లో డర్టీ, రైట్‌బ్యాక్ అని రెండు లైన్లుంటాయి (ఇంకా రాయాల్సిన బాకీ, ఇప్పుడు రాస్తున్నది), మళ్లీ మళ్లీ తెరిచి చూడండి, అంకె తగ్గుతోందంటే టీ తాగి రండి. తగ్గకుండా అక్కడే నిలబడిపోతే కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాము) మెసేజ్‌లు చూడాలి. ఫలానా పని 120 సెకన్లకి మించి ఆగిపోయిందన్న మాటతో పాటు ఐఓ ఎర్రర్లు (డిస్కు మీద చదవడం, రాయడంలో తప్పులు) కూడా కనిపిస్తే అనుమానం డిస్కు మీదకో కేబుల్ మీదకో పోవాలి. ఆ తర్వాత చూడాల్సింది డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే 'స్మార్ట్' రిపోర్టు. అందులో పెండింగ్ సెక్టార్లు (డిస్కు సరిగా చదవలేకపోతున్న చోట్లు) పెరుగుతుంటే ముందు బ్యాకప్ తీసుకుని కొత్త డిస్కు కొనుక్కోండి, సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో పాడవడం) మాత్రమే పెరుగుతుంటే చాలాసార్లు డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మారిస్తే సరిపోతుంది. ఈ రెండో సంగతి చూడకుండానే హార్డ్‌డిస్క్ పోయిందని చెప్పి కొత్తది అంటగట్టే మెకానిక్‌లు ఉన్నారు, ఏ ఊరో చెప్పను.

విండోస్ వాళ్లకి పెన్‌డ్రైవ్‌తో ఈ బాధ తక్కువే, 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవలే (రాత బాకీ పెట్టుకోకుండా వెంటనే రాసేయడం) మామూలు సెట్టింగ్ అయింది. అయినా లైటు ఆగేదాకా పీకకండి.

ఎంతకీ కదలకపోతే, ఆపక తప్పదనుకుంటే, ఉబుంటులో ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ కీలు పట్టుకుని ఎస్, యు, బి ఒకదాని తర్వాత ఒకటి కాస్త ఆగి ఆగి నొక్కండి. రాయగలిగింది రాసి, డిస్కుని రీడ్ ఓన్లీ చేసి, అప్పుడు రీబూట్ అవుతుంది. డిస్కే పోయి ఉంటే ఇదీ పనిచేయదు, పవర్ బటన్ వంతు అప్పుడొస్తుంది. మీ చిట్కాలో కనీసం ఈ వరుసైనా వేయండి, జాగా ఉంటే 'డర్టీ బైట్స్' (ర్యామ్‌లో బాకీ ఎంతదాకా పెరగొచ్చో చెప్పే) సెట్టింగుని 50 ఎంబీ దగ్గర పెట్టుకుంటే కాపీ గీత దాదాపు నిజమే చెబుతుందన్న ముక్క కూడా.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా