జావా కేసు గురించి నా మాట

అందరికీ నమస్తే. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలోని కోడ్‌ను గూగుల్ కాపీ కొట్టిందని, దాని హక్కుదారు ఒరాకిల్ వేసిన కేసు ప్రస్తావన నిన్న వచ్చింది కదా, నా అభిప్రాయం చెప్తాను. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ జావా ఏపీఐ (ముందే రాసిపెట్టిన ఫంక్షన్లను ప్రోగ్రామర్లు పిలిచి వాడుకునే ఏర్పాటు) నుంచి తీసుకున్నది సుమారు 11,500 లైన్ల డిక్లరేషన్లు. అంటే ఫంక్షన్ల పేర్లు, వాటిని పిలిచే తీరు. లోపల పనిచేసే కోడ్ గూగుల్ వాళ్లే రాసుకున్నారు. 2010లో మొదలైన కేసు. 2021 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-2 తేడాతో అది ఫెయిర్ యూజే, అంటే అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే వాడకమే అంది. నాకైతే పెద్ద ఊరట! అలవాటైన పేర్లు వాడుకోనివ్వకపోతే ప్రోగ్రామర్లు ప్రతిచోటా అఆల నుంచి నేర్చుకోవాలి. కానీ ఏపీఐకి అసలు కాపీరైట్ ఉంటుందా అన్నది కోర్టు తేల్చలేదు, ఉందనుకుని ముందుకెళ్లింది. ఇదే నాకు నచ్చలేదు. 2012లో ఈ కేసును కింది కోర్టులో విన్న జడ్జి ఆల్సప్ ఆ డిక్లరేషన్లకు కాపీరైట్ ఉండదన్నారు. నేను ఆయన పక్షమే.