ఈ-టెండర్లలో చిన్న యూనిట్లకు చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

బల్లలు, బెంచీలు, బీరువాలు తయారుచేసే చిన్న యూనిట్ నాది. నాతో కలిపి 8 మందిమి. టెండర్లు ఆన్‌లైన్‌లోకి మారాక మేం వేసిన బిడ్లలో చాలావాటికి ధర చూసేదాకా కూడా వెళ్లలేదు. అంతకుముందే పక్కన పెట్టేశారు. ఇలాంటి యూనిట్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాత పద్ధతి తిరిగి రావాలని నేను కోరడం లేదు. కాగితం టెండర్ల రోజుల్లో ఫారం ఇవ్వడానికే తిప్పించేవాళ్లు. టెండరు పెట్టె దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి కవరు వేయనివ్వని సందర్భాలూ చూశాను. ఆ బెడద ఇప్పుడు చాలావరకు తగ్గింది, అందుకు సంతోషమే.

ఈమధ్య ఒక కార్యాలయం బెంచీలకు టెండరు పిలిచింది. గడువు మధ్యాహ్నం 3 గంటలు. నేను 11కే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదన్నారు. మూడేళ్ల ఆడిట్ లెక్కలు స్కాన్ చేస్తే 14 ఎంబీ అయ్యాయి. సైజు తగ్గిస్తే ఆడిటర్ ముద్ర అలుక్కుపోయి కనిపించింది. చివరికి మూడు ముక్కలు చేసి ఎక్కించాను. తర్వాత డిజిటల్ సంతకం ఉండే డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) పెడితే కంప్యూటర్ గుర్తించలేదు, బ్రౌజర్ మార్చాల్సి వచ్చింది. 2.40కి సబ్మిట్ నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. 3 దాటాక ‘గడువు ముగిసింది’ అని వచ్చింది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చారు. దానికి జవాబు వచ్చేసరికి ఆర్డరు వేరేవాళ్లకు వెళ్లిపోయింది. పెద్ద కంపెనీలో ఈ పనికి విడిగా మనుషులుంటారు. మా దగ్గర బిడ్ తయారుచేసేదీ నేనే, వెల్డింగ్ సరిచూసేదీ నేనే. ఆ రోజు టెన్షన్‌తో షెడ్డులో పనీ ఆగిపోయింది.

పోర్టల్ మొరాయిస్తే గడువు దానంతటదే పెరగాలి. అదేమంత కష్టమైన మార్పు కాదు. అసలు చిక్కు టెండరు షరతుల్లో ఉంది. ఎన్నో చోట్లకు విడివిడిగా కొనదగ్గ సామాను మొత్తాన్ని ఒకే టెండరుగా కట్టేస్తారు. కొనేవాళ్లకు ఒక్క ఫైలుతో పని తేలిపోతుంది. కానీ దాంతో ధరావతు పెరుగుతుంది, అడిగే టర్నోవర్ పెరుగుతుంది, మంచి బెంచీ చేయగలిగినవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

దీనికి దారి లేకపోలేదు. యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల ఆదేశం ప్రకారం, ప్రత్యేక కారణం చూపిస్తే తప్ప, కాంట్రాక్టు అంచనా విలువకు రెండింతలకు మించిన టర్నోవర్ అడగకూడదు. పెద్ద కొనుగోలును భాగాలుగా విడగొట్టకపోతే, ఎందుకు విడగొట్టలేదో కొనే సంస్థ రాసి చెప్పాలి. బిడ్ వేసేటప్పుడు స్వీయ ప్రకటన చాలు, ధ్రువపత్రాలు మామూలుగా గెలిచినవాళ్లు చూపిస్తే సరిపోతుంది. ఈ చివరి నియమం ఒక్కటి ఉన్నా ఆ 14 ఎంబీల బాధ నాకు ఉండేది కాదు.

దక్షిణ కొరియా 2002లో మొదలుపెట్టిన జాతీయ ఈ-టెండర్ల వ్యవస్థలో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే అన్ని ప్రభుత్వ సంస్థల టెండర్లకూ చెల్లుతుంది. ఇతర శాఖల దగ్గరున్న ధ్రువపత్రాలు చాలావరకు వ్యవస్థే తెప్పించుకుంటుంది. నేనైతే నాలుగు పోర్టళ్లలో నాలుగుసార్లు అవే కాగితాలు ఎక్కించాను. పన్ను కట్టినట్టు ప్రభుత్వం ఇచ్చిన రసీదునే మళ్లీ ప్రభుత్వానికి నేను స్కాన్ చేసి పంపడం ఎందుకు?

ఓడిపోయినప్పుడు ఎందుకు ఓడిపోయామో తెలియాలి. ఉక్రెయిన్ 2016లో ప్రభుత్వ సంస్థలన్నిటికీ తప్పనిసరి చేసిన ప్రొజోరో అనే ఆన్‌లైన్ కొనుగోళ్ల వ్యవస్థలో వేలం ముగిశాక ఎవరు ఎంతకు బిడ్ వేశారో అందరూ చూడొచ్చు, ఓడిన బిడ్లతో సహా. మాకు మాత్రం ‘సాంకేతికంగా అనర్హులు’ అని ఒక్క ముక్క వస్తుంది. ఏ కాగితం సరిపోలేదో, ఏ కొలత తేడా వచ్చిందో తెలియకపోతే తర్వాతి బిడ్‌లో ఏం సరిచేసుకోవాలి?

ఇక బిల్లులు. టెండరు, ఆర్డరు ఆన్‌లైన్‌లో చకచకా సాగిపోతాయి. సరుకు దించిన మరుక్షణం నుంచి మళ్లీ కాగితమే. అప్పు చేసి ఇనుము కొన్నవాడికి ప్రతి వారం వడ్డీ పెరుగుతుంది. టెండరు పిలిచిన పోర్టల్‌లోనే బిల్లు ఎవరి దగ్గర, ఎన్ని రోజులుగా ఉందో సరఫరాదారుకు కనిపించేలా చేయాలని, గడువు దాటితే పై అధికారికి దానంతటదే సమాచారం వెళ్లాలని మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక చిన్న ఫర్నిచర్ యూనిట్ యజమాని