బేస్ ఆంప్‌ల పట్టికలో వాట్ల వరుస తీసేశాం

బేస్ గిటార్ ఆంప్ హెడ్‌లనూ (స్పీకర్ లేని ఆంప్లిఫైయర్లు), స్పీకర్ క్యాబినెట్లనూ (స్పీకర్ల పెట్టెలు, పొట్టిగా క్యాబ్‌లు) కంపెనీల వారీగా పోల్చుకోవడానికి మేమిచ్చే పట్టికలో ఇన్నాళ్లూ వాట్లే ముందుండేవి. ఆ వరుస తీసేశాం. అది చూసి ఎంచుకున్నవారిని తప్పుదారి పట్టించినట్టే అయింది, మన్నించండి. దాని బదులు ఏం పెట్టామో, ఎందుకో చెబుతున్నాం.

పెట్టె మీద పెద్దగా రాసే వాట్లు సాధారణంగా 4 ఓమ్‌ల లోడ్‌కి, అంటే తగిలించిన స్పీకర్ల విద్యుత్ నిరోధం అంత ఉన్నప్పటికి, చెప్పినవి. ఓమ్‌లు పెరిగితే అందే వాట్లు తగ్గుతాయి. విడిగా దొరికే 1×12 (పన్నెండు అంగుళాల స్పీకర్ ఒకటి), 2×10 (పది అంగుళాలవి రెండు) క్యాబ్‌లలో చాలావరకు 8 ఓమ్‌లవి. ఒక్క క్యాబ్‌తో వాయించేవారికి ఆ అంకె అందదన్నమాట. 500 వాట్లుగా పేరున్న మూడింటిని చూడండి. 8 ఓమ్‌ల దగ్గర అగ్విలార్ టోన్ హ్యామర్ 500 ఇచ్చేది 250 వాట్లు, మార్క్‌బేస్ లిటిల్ మార్క్ 3 ఇచ్చేది 300, ఫెండర్ రంబుల్ 500 ఇచ్చేది 350. రంబుల్ 500 కాంబోలో (ఆంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండేది) లోపలి స్పీకర్లు 8 ఓమ్‌లే కాబట్టి, బయట ఇంకో 8 ఓమ్‌ల క్యాబ్ తగిలిస్తేనే 500 వస్తాయి.

అయితే 250కీ 350కీ మధ్య తేడా ఒకటిన్నర డెసిబెల్ మాత్రమే, బ్యాండ్ మధ్యలో అది తెలియను కూడా తెలియదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతల మోత అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్, అంటే పదింతల వాట్లు కావాలి. అందుకే ఇప్పుడు ముందు వరుసలో క్యాబ్ సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ ఇస్తే మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోత వస్తుందో, అది పెట్టాం. 97 డెసిబెల్స్ క్యాబ్ మీద 500 వాట్లు చేసే పని, 100 డెసిబెల్స్ క్యాబ్ మీద 250 వాట్లు చేస్తాయి. డబ్బు ముందు క్యాబ్ మీద పెట్టండి, హెడ్ తర్వాత చూసుకోవచ్చు.

కాకపోతే పెట్టె చిన్నగా ఉండాలి, కింది స్వరం లోతుగా రావాలి, సెన్సిటివిటీ ఎక్కువుండాలి అంటే కుదరదు. ఏ కంపెనీ అయినా ఈ మూడింటిలో రెండే ఇవ్వగలదు. నియోడిమియం మాగ్నెట్ బరువు తగ్గిస్తుందే కానీ ఈ లెక్కను మార్చదు.

లోతు అంకెను, అంటే క్యాబ్ ఎన్ని హెర్ట్జ్ దాకా కిందికి పలుకుతుందో చెప్పేదాన్ని, కూడా గుడ్డిగా నమ్మకండి. ఆంపెగ్ 810 క్యాబ్‌కి 58 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ తగ్గిపోతాయి. బేస్ గిటార్‌లో E తీగ 41 హెర్ట్జ్‌ది. అయినా 1969లో ఆంపెగ్ ఎస్‌విటి ఆంప్ వచ్చినప్పటి నుంచీ పదేసి అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న ఆ మూసిన పెట్టె స్టేజీల మీద నిలిచే ఉంది. ఎందుకంటే మన చెవి 82 హెర్ట్జ్ హార్మోనిక్ (అదే స్వరంతో పాటు రెట్టింపు హెర్ట్జ్‌లో పలికే స్వరం) పట్టుకుని కింది స్వరాన్ని నింపుకుంటుంది. పోర్ట్ (గాలి రంధ్రం) ఉన్న క్యాబ్ లోతుగా పలుకుతుంది, కానీ ఆ పోర్ట్‌ని ట్యూన్ చేసిన హెర్ట్జ్ కన్నా కిందికి వెళ్తే స్పీకర్ కోన్‌కి గాలి ఆసరా పోతుంది. ఐదు తీగల బేస్‌లో 31 హెర్ట్జ్ B తీగని బేస్ నాబ్ పెంచి వాయిస్తే, వాట్ల పరిమితి లోపలే ఉన్నా కోన్ హద్దు దాటి ఊగి దెబ్బతింటుంది. మరీ కింది స్వరాలను కోసేసే హై-పాస్ ఫిల్టర్ ఉంటే వాడండి.

ఇకపై హెడ్‌లన్నీ ఒకే క్యాబ్ మీద, క్యాబ్‌లన్నీ ఒకే హెడ్‌తో, గదిలో అదే చోట పెట్టి వినిపిస్తాం. మూలకి జరిపితేనే బేస్ పెరిగిపోతుంది మరి. మోత మీటర్‌తో కొలిచి 1 డెసిబెల్ లోపు సమానం చేస్తాం. ఇది చేయకపోతే ఏది కాస్త గట్టిగా ఉంటే అదే బాగుందనిపిస్తుంది. నాబ్‌లన్నీ మధ్యలో ఉంచినంత మాత్రాన అన్నీ ఒకే తీరున పలకవు. లిటిల్ మార్క్‌లో వీపీఎఫ్, వీఎల్ఈ అనే ఫిల్టర్ నాబ్‌లు రెండూ పూర్తిగా ఎడమకి తిప్పాలి. వీపీఎఫ్ 380 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలను తగ్గించేస్తుంది, వీఎల్ఈ పైస్వరాలు కోసేస్తుంది. క్యాబ్ ట్వీటర్ (పైస్వరాల చిన్న స్పీకర్) నాబ్‌ని కూడా చూసుకోవాలి. విన్నాక నాలుగైదు మీటర్ల దూరం వెళ్లి మళ్లీ వినండి, పక్కన నిలబడితే పైస్వరాలు మోకాళ్ల దగ్గరే పోతాయి.

రిపేర్‌కి దారితీసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. రెండు 8 ఓమ్‌ల క్యాబ్‌లు కలిస్తే 4. ఒక 8, ఒక 4 కలిస్తే 2.67. కనీసం 4 అని రాసిన హెడ్‌కి అది తగదు, వేడెక్కి ఆగిపోతుంది లేదా కాలిపోతుంది. ట్యూబ్ హెడ్‌ని (వాక్యూమ్ ట్యూబ్‌లతో నడిచేది) క్యాబ్ తగిలించకుండా ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, అది చాలా ఖరీదైన రిపేర్. గిటార్ కేబుల్‌ని స్పీకర్ కేబుల్‌గా వాడకండి, లోపలి తీగ సన్నం, వేడెక్కుతుంది. స్పీకాన్ (స్పీకర్లకే చేసిన తాళం పడే కనెక్టర్) ఉంటే అదే వాడండి.

వాడిన క్యాబ్ కొంటుంటే స్టిక్కర్‌ని నమ్మకుండా మల్టీమీటర్ పెట్టి చూడండి. 8 ఓమ్‌ల క్యాబ్ 5.5 నుంచి 6.5 మధ్య చూపిస్తుంది, 4 ఓమ్‌లది 3 నుంచి 3.5 దాకా. పాత పట్టిక చూసి కొన్నవారు హెడ్ మోడల్, క్యాబ్ వెనక స్టిక్కర్ ఫొటో పంపండి, మీ జతకి నిజంగా ఎన్ని వాట్లు అందుతున్నాయో లెక్క కట్టి చెబుతాం.