సూది వేసే ముందు కంటిరెప్ప తిప్పి చూడండి

సంపాదకులవారికి నమస్కారం.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో పశువులకు ఆక్యుపంక్చర్, అంటే మందు లేని సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యం గురించి ఒక వ్యాసం వచ్చింది. గుర్రాల నడుంనొప్పి, కుక్కల కీళ్లనొప్పుల దాకా నాకు దాంతో పేచీ ఏమీ లేదు. ఆఖరి పేరాలో మాత్రం, కడుపులో పురుగులున్న జీవాలకు కూడా సూదులు వేస్తే జీర్ణశక్తి పుంజుకుంటుందని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. ఆ వాక్యం పట్టుకుని మా ఇంట్లో వారం రోజులు హడావిడి నడిచింది. ఒక గొర్రె కూడా పోయింది.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను డాక్టర్ని కాను. పశుసంవర్ధక శాఖలో ముప్ఫై మూడేళ్లు సహాయకుడిగా పనిచేసి రిటైరయ్యాను. డాక్టరుగారు రాసిన మందు తాగించడం, టీకాలు వెయ్యడం, గిట్టలు చెక్కడం, కట్లు కట్టడం, ఇదీ నా ఉద్యోగం. మా కనిగిరి వైపు అంతా నెల్లూరు జాతి గొర్రెలే. ఒక్క ఏడాదిలో నా చేత్తో నట్టల మందు తాగించినవే వేలల్లో ఉండేవి. ఇప్పుడు మా చెల్లెలి మందలో ఉన్న నలభై ఆరింటిని చూసుకుంటూ పొద్దుపుచ్చుతున్నాను.

మా చెల్లెలి కొడుకు ఒంగోలులో ఫిజియోథెరపిస్టు. ఆక్యుపంక్చర్ కూడా నేర్చుకున్నాడు. సూది పట్టుకోవడం తెలిసినవాడు, పిచ్చి పనులు చేసే రకం కాదు. మీ వ్యాసం చదివిన మర్నాడు సెలవు పెట్టి ఊరికొచ్చాడు. మందలో ఒక ఈడు గొర్రె రెండు రోజులుగా వెనకబడుతోంది. మేత ముందు నిలబడుతుంది గానీ మూతి పెట్టదు. "మామయ్యా, ఒక్కసారి చూస్తాను" అన్నాడు. చూడమన్నాను.

గొర్రెను పడుకోబెట్టి వాడు చోటు వెతికిన పద్ధతి నాకు ముచ్చటేసింది. చాలామంది గొర్రె వెనక కాలికి మధ్యలో వంగే చోటును మోకాలు అనుకుంటారు. అది మడమ. అసలు మోకాలు పైన, పొట్టకు దగ్గరగా బొచ్చులో దాక్కుని ఉంటుంది. వాడు నేరుగా అక్కడికే వెళ్లి, దాని కింద కాలి బయటివైపు ఎముక అంచు తడిమి, పక్కనున్న కండలో సన్నటి సూది దించాడు. చైనావాళ్లు జూసాన్లీ అనే బిందువు అదేనట. రెండు కాళ్లకూ వేసి ఇరవై నిమిషాలు ఉంచాడు. గొర్రె పెద్దగా గింజుకోలేదు. తీసిన కాసేపటికి లేచి గుప్పెడు పెంటికలు వేసింది. సాయంత్రానికి నెమరు కూడా మొదలుపెట్టింది. మా చెల్లెలు దిష్టి తీసినంత పని చేసింది.

నాకూ సంతోషమే కలిగింది, అక్కడే దెబ్బతిన్నాను. పొద్దుటే దాని దవడ కింద కొద్దిగా మెత్తటి వాపు కనిపించింది. తల దించి మేస్తుంది కదా, నీరు దిగి ఉంటుందిలే అనుకున్నాను. ఒంట్లో రక్తం తగ్గితే కంటిరెప్ప లోపలివైపు తెల్లబారుతుంది, తిప్పి చూడటానికి రెండు సెకన్లు పట్టదు. ముప్ఫై మూడేళ్లు ఊరూరా రైతులకు చెప్పిన మాట, నా ఇంటి దొడ్లో నేనే మరిచిపోయాను. కాబట్టి తప్పు మా వాడిది కాదు, నాది. నాలుగో రోజు తెల్లారేసరికి గొర్రె చచ్చి పడి ఉంది.

దాన్ని నేనే కోశాను. రక్తం పల్చగా, కుంకుమ కలిపిన నీళ్లలా ఉంది. నాలుగో పొట్ట చీల్చి లోపలి పొర వేలితో దులిపితే సన్నటి పురుగులు వందల మీద కదులుతున్నాయి. ఒక్కోటీ అంగుళం అటూ ఇటూ. ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనినట్టుంటుంది ఆడ పురుగు. ఎరుపు అది తాగిన రక్తం, తెలుపు దాని గుడ్ల సంచి. దీన్ని హీమాంకస్ అంటారు. ఒక్కో పురుగు రోజుకు 0.05 మిల్లీలీటర్ల దాకా రక్తం లాగుతుంది. చుక్క కూడా కాదు కదా అనిపిస్తుంది. అయిదు వేల పురుగులుంటే పావు లీటరు. ఆడది రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. అవన్నీ పెంటికలతో బయటపడి, పొదిగి, తడి గడ్డి పరక మీదికి పాకి కూర్చుంటాయి. మంచు ఆరేదాకా మంద తోలొద్దని మా పెద్దవాళ్లు అన్నది ఊరికే కాదు.

ఇంకో మోసం ఉంది ఈ పురుగుతో. పురుగులంటే పారుడు ఉండాలని జనం అనుకుంటారు. ఇది ఒక్కటే ఉన్నప్పుడు చాలాసార్లు పారుడు ఉండదు, పెంటికలు గట్టిగానే వస్తాయి. అంటే మా గొర్రె పెంటికలు వేసిందని మేము సంబరపడటంలో అర్థమే లేదు. పేగు కదిలింది నిజమే. రక్తం కారడం మాత్రం ఆగలేదు.

సూదికి పేగును కదిలించే శక్తి ఉందా అంటే, నేను కొట్టిపారెయ్యను. అమెరికా పత్రికా రచయిత జేమ్స్ రెస్టన్ 1971లో చైనా వెళ్లినప్పుడు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. తర్వాత పొట్ట ఉబ్బరించి బాధపడుతుంటే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు వేశారని, గంటలో ఉబ్బరం తగ్గిందని ఆయనే న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. ఒక మనిషి అనుభవం రుజువు కాదు, సరే. తర్వాత ఎలుకల మీద పరిశోధనలు జరిగాయి. హార్వర్డ్‌లో పనిచేసిన చియుఫు మా బృందం 2021లో నేచర్ పత్రికలో ఒక సంగతి ప్రచురించింది. వాళ్లు చిట్టెలుకల వెనక కాలిలో ఈ బిందువు దగ్గరే సూది దించి కొద్దిపాటి కరెంటు ఇచ్చారు. అక్కడ లోతుగా ఉన్న ఒక రకం నరాలు మెదడుకు కబురు పంపితే, అక్కణ్నుంచి పొట్ట దాకా దిగే వేగస్ నాడి ద్వారా కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులకు చేరి, ఒంట్లో వాపు రేపే రసాయనాలు తగ్గాయి. పొట్ట మీద పొడిస్తే ఆ ఫలితం రాలేదు, అక్కడ ఆ నరాలు పెద్దగా లేవు కాబట్టి. చోటును బట్టి ఫలితం మారడానికి నరాల్లోనే కారణం దొరికిందన్నమాట. ఇది చిన్న విషయం కాదు.

కానీ ఆ ఎలుకలకు వాపు తెప్పించింది బ్యాక్టీరియా విషంతో. కడుపులో బతికున్న పురుగు సంగతి వేరు. పురుగు పడినప్పుడు పేగు ఊరికే కూర్చోదు. జిగురు ఎక్కువగా ఊరుతుంది, నీరు వదులుతుంది, కండరాలు గట్టిగా బిగుసుకుని పురుగును కిందికి నెడతాయి. ఎలుకల్లో నిప్పోస్ట్రాంగైలస్ అనే పేగు పురుగును ఈ పద్ధతిలోనే రెండు వారాల్లో ఒళ్లు బయటికి తోసేస్తుంది. స్టెరాయిడ్ ఇచ్చి ఆ వాపును అణిస్తే తోసెయ్యడం ఆలస్యమవుతుంది. మనకు రోగంలా కనిపించే ఆ వాపులో కొంత ఒంటి యుద్ధమే. మరి అలాంటి పేగులో వాపు తగ్గించడం ఎప్పుడూ మేలే అని ఒక్క వాక్యంలో ఎలా రాసేశారు? ఇది నేను దెప్పడానికి అడగడం లేదు, మా వాడూ నేనూ దీని మీద రెండు రాత్రులు వాదించుకున్నాం.

టీ కొట్టు దగ్గర ఈ కథ విన్న ఒక పెద్దాయన "చైనావాడి సూది కన్నా మన వాత ముందు పుట్టింది, రెండూ ఒకటే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కడుపునొప్పికని ఎర్రగా కాల్చిన కొడవలితో పొట్ట మీద గీసిన వాతలను, వాటిలో పురుగులు పడి కుళ్లిన పుండ్లను సర్వీసంతా కడిగినవాణ్ణి. సన్నటి శుభ్రమైన సూదిని దాంతో కలపొద్దు. సూది పొడిస్తే కడుపు బాధ క్షణంలో పోవడమూ చూశాను, అది ఉబ్బరం ముదిరిన గేదెకు ఎడమ డొక్కలో డాక్టరుగారు ట్రోకార్ అనే లావాటి గొట్టపు సూది దించినప్పుడు. బుస్సుమని గాలి పోతుంది. అందులో మర్మం ఏమీ లేదు, పొట్టలో గాలి ఉంది, దానికి దారి దొరికింది.

చైనా వైద్యమంటే నాకు చులకన ఉందని అనుకునేవారికి ఒక మాట. 2015 వైద్య నోబెల్ మొత్తం పరాన్నజీవుల మందులకే వచ్చింది. సగం, ఐవర్‌మెక్టిన్ తెచ్చిన విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు. ఆ మందు మా సంచీలో రోజూ ఉండేది. మిగతా సగం చైనా శాస్త్రవేత్త తూ యూయూకు. ఆమె పదహారు వందల ఏళ్ల నాటి చైనా వైద్యగ్రంథంలో ఒక ఆకు సంగతి చదివి, దాని సారం తీసి, ముందు మలేరియా సోకిన ఎలుకల మీద, కోతుల మీద పరీక్షించి, రక్తంలో పరాన్నజీవి పోయిందా లేదా అని చూసింది. ఎలుక హుషారుగా లేచి తిరిగిందని అక్కడితో ఆగిపోలేదు.

అదే లెక్క మా గొర్రెకూ వెయ్యాల్సింది. గొర్రె నెమరేసిందా అని కాదు, పెంటికల్లో గుడ్లు తగ్గాయా అని చూడాలి. అది పెద్ద ఖర్చు పనీ కాదు. పెంటికలు నలిపి ఉప్పు బాగా కలిపిన నీళ్లలో వేస్తే గుడ్లు పైకి తేలతాయి. గళ్ల స్లైడు మీద పోసి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడమే. కోలగా, లోపల ద్రాక్షగుత్తిలా కణాలతో ఉంటాయి. నేను పనిచేసిన ఒకచోట మైక్రోస్కోపు బీరువాలో తాళం వేసి ఉండేది, తాళంచెవి ఎవరి దగ్గరుందో రెండేళ్లు ఎవరికీ తెలియలేదు. మేము మాత్రం ఊళ్లు తిరిగి అన్ని గొర్రెలకూ ఒకే కొలత పోసుకుంటూ వెళ్లిపోయేవాళ్లం. ఆల్బెండజోల్ అనే నట్టల మందు కిలోకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన 30 కిలోల గొర్రెకు 2.5 శాతం మందు 9 మిల్లీలీటర్లు పట్టాలి. మేము చిన్నదానికీ పెద్దదానికీ 6 పోసిన రోజులున్నాయి. డబ్బా అందరికీ సరిపోవాలి కదా. తక్కువ మోతాదుకు చావని పురుగులే మిగిలి పిల్లలు పెట్టాయి. ఇవాళ ఈ మందు చాలాచోట్ల పనిచెయ్యకపోవడంలో నా చేతి వాటా కూడా కొంత ఉంది.

గొర్రె పోయిన తర్వాతి ఆదివారం మందలో అన్నింటి కంటిరెప్పలూ తిప్పాం. దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా అనే రంగుల కార్డు ఉంది, ఎర్రటి రెప్ప ఒకటి, తెల్లబారింది అయిదు. నలభై అయిదింటిలో పదకొండు పాలిపోయి ఉన్నాయి. డాక్టరుగారు వచ్చి, మరీ తెల్లబారిన మూడింటికి క్లోసాంటెల్ అనే వేరే నట్టల మందు రాశారు. మిగతా ఎనిమిదింటికి వేలాడే కాటాతో తూచి ఆల్బెండజోల్ పూర్తి మోతాదు పట్టించాం. కట్టి నెల దాటని చూలు గొర్రెలకు ఆ మందు పడదు కాబట్టి ముందు వాటిని పక్కకు తీశాం. బాగున్నవాటికి ఏ మందూ పొయ్యలేదు. మా చెల్లెలికి ఇది అస్సలు నచ్చలేదు. "పోస్తే అన్నిటికీ పొయ్యి అన్నయ్యా, ఈ లెక్కలేంటి, నాకు టెన్షన్‌గా ఉంది" అంది. మందలో ఎక్కువ పురుగులు కొన్నింట్లోనే ఉంటాయి, మిగతావాటిని వదిలేస్తే మందుకు లొంగే పురుగులు కూడా కొన్ని బతికి ఉంటాయని, అప్పుడే మందు పదును పోదని చెప్పి చూశాను. పురుగుల్ని కావాలని బతికించేవాణ్ణి నిన్నే చూశానంది.

మీ వ్యాసం రాసినవారితో నాకు తగాదా లేదు. పశువుల సూదివైద్యం మీద మళ్లీ రాసినప్పుడు, పురుగుల దగ్గరికి వచ్చేసరికి ముందు కంటిరెప్ప, పెంటికల పరీక్ష, తూచిన మోతాదు, ఆ తర్వాతే సూది అని నాలుగు ముక్కలు వేయించండి. సూదులు వేసినవాళ్లు గుడ్ల లెక్క కూడా ముందూ వెనకా రాసి పెడితే ఇంకా మంచిది. ఇది చదివి మా వాడు ఒప్పుకున్నాడు గానీ, పూర్తిగా కాదు. మందు పట్టించిన ఎనిమిదింటిలో నాలుగింటికి రోజు విడిచి రోజు సూదులు వేస్తున్నాడు, మిగతా నాలుగింటినీ ముట్టుకోవడం లేదు. అంత కొద్ది గొర్రెలతో ఏమీ తేలదని నేను అన్నాను. తేలకపోతే తేలకపోనీ అన్నాడు.

మందుకు ముందు గుడ్ల లెక్క నా నోట్‌బుక్కులో ఉంది. ఈ ఆదివారానికి పద్నాలుగో రోజు. గుడ్లు నూటికి 95 తగ్గకపోతే మందు మొండికేసినట్టే. పెంటికలు ఏరడానికి చిన్న డబ్బాలు తెస్తానని మా వాడు ఒంగోలు నుంచి ఫోన్ చేశాడు. మూతల మీద గొర్రె నంబర్లు మాత్రమే రాయమన్నాను, దేనికి సూది పడిందో లెక్కపెట్టే నాకు తెలియకూడదు కదా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పశువైద్య సహాయకుడు,
కనిగిరి ప్రాంతం, ఉమ్మడి ప్రకాశం జిల్లా