బ్లెరియో విమానం గురించి శీనుకి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్? అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?

బెజవాడ ఎండల సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దు వాలేదాకా ఇల్లు కదలడానికి లేదు, అందుకని మధ్యాహ్నాలన్నీ కంప్యూటర్లో విమానాలు నడిపే సిమ్యులేటర్ ముందే. జెట్లన్నీ పక్కన పెట్టేశానురా. ఇప్పుడు నడుపుతున్నది 1909 నాటి బ్లెరియో 11 మోనోప్లేన్, అంటే ఒకే జత రెక్కల విమానం. కర్ర, గుడ్డ, తీగలు, అంతే. తోక వైపు గుడ్డ కూడా ఉండదు, కర్రల చట్రం బయటికే కనిపిస్తుంది. ముందు మూడు సిలిండర్ల అంజానీ ఇంజను, పాతిక హార్స్‌పవర్. ఇవాళ రోడ్డు మీద తిరిగే పెద్ద బైకులకే అంతకంటే ఎక్కువ ఉంటుంది!

అసలు సంగతి రెక్కల్లో ఉంది. వాటి చివర్లలో కదిలే పలకలు లేవు. స్టిక్ పక్కకి తోస్తే తీగలు లాగి రెక్కే మెలి తిరుగుతుంది. అదీ వెంటనే కాదు, కాస్త ఆగి. పైగా కుడికి తిరుగుదామని తోస్తే ముక్కు ముందు ఎడమకి జరుగుతుంది. పైకి లేచే రెక్క గాలిని ఎక్కువ అడ్డుకుంటుంది కదా, అందుకు. కాలితో రడ్డర్, అదే తోక దగ్గరి చుక్కాని, తొక్కితేనే దారికొస్తుంది. వేగం చూపించే మీటరు కూడా లేదు. తీగల్లో గాలి హోరు తగ్గిందంటే వేగం తగ్గినట్టే, ముక్కు దించాలి. ఒక్క క్షణం చెయ్యి వదలడానికి లేదు.

దీంతోనే లూయీ బ్లెరియో 1909 జూలై 25 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని కాలే అనే ఊరి దగ్గర లేచి, దాదాపు 37 నిమిషాల్లో సముద్రం దాటి ఇంగ్లండ్‌లోని డోవర్‌లో దిగాడు. దిక్సూచి లేదు. అంతకుముందు ప్రమాదంలో కాలిన పాదంతో, ఊతకర్రల మీద నడుస్తూ వచ్చి ఎక్కాడు. ఆరు రోజుల క్రితమే లేథమ్ అనే ఆయన ఇదే సముద్రం దాటబోతూ ఇంజను ఆగిపోయి నీళ్ళలో పడ్డాడు. అది తెలిసి కూడా బయల్దేరాడు చూడు! కొంతసేపు ఏ ఒడ్డూ కనపడలేదట. నేనూ ఆ దారినే వెళ్ళాను. నాలుగు వైపులా నీళ్ళే ఉన్నప్పుడు, ఇంజను శబ్దం కొంచెం మారినా గుండె గుబుక్కుమంది. ఆ మనిషి మీద గౌరవం పదింతలైందిరా.

తర్వాత మన ఊరి మీద ఎగరాలనిపించింది. గన్నవరంలో లేచి కృష్ణ వైపు తిప్పాను. ఉష్ణోగ్రత 42 డిగ్రీలు పెట్టాను, మన మే నెల కదా. వేడి గాలి పలచన, రెక్కకి బలం తక్కువ, ఇంజనుకీ తక్కువ. ఎంతకీ పైకి లేవదే! చెట్ల మీదుగా నెట్టుకుంటూ ప్రకాశం బ్యారేజీ దాకా వచ్చాను. కుడివైపు ఇంద్రకీలాద్రి నాకంటే ఎత్తుగా నిలబడి ఉంది. భవానీ ద్వీపం మీద వెనక్కి తిప్పడానికి పట్టిన టెన్షన్ మాటల్లో చెప్పలేను.

అమెరికాలో ఓల్డ్ రైన్‌బెక్ అనే చోట అసలు బ్లెరియో విమానాన్ని ఇప్పటికీ గాల్లోకి లేపుతారు. అదీ రన్‌వే మీదే, చిన్న గంతుల్లా, నేరుగా. మలుపులు తిప్పరు. ఎందుకో ఇప్పుడు నాకు బాగా అర్థమైంది.

సెలవులకి పిల్లలతో వస్తావు కదా, రెండు రోజులు ఎక్కువ ఉండేలా చూసుకో. రడ్డర్ పెడల్స్ కొన్నాను, నీ కాళ్ళకి సరిపోయేలా జరపొచ్చు. ముందు కాలే దగ్గర, గాలి సున్నా పెట్టి, మైదానంలోనే నేర్పిస్తాను. టికెట్ బుక్ చెయ్యగానే ఫోన్ చెయ్యి.

నీ
రాఘవ